గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ‘సీటు’ కొన్నాను, మీరు కొనకండి

నల్లగొండలో బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకసారి ఇది చదవండి. పోయిన డిసెంబర్‌లో క్లాక్ టవర్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో 18,000 రూపాయలు కట్టాను. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సీటు గ్యారంటీ అన్నారు. బత్తాయి కాయ అమ్మిన పైసల్లోంచి నాయిన తీసిచ్చాడు. అందుకే కడుపు ఇంకా మండుతోంది.

అసలు అందులో సీటు అనేదే ఉండదు. 2005 నుంచి గూగుల్ నడుపుతున్న ప్రోగ్రామ్ అది, ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పనిచేసిన కొత్తవాళ్లకు స్టైపెండ్ ఇస్తారు. ఓపెన్ సోర్స్ సంస్థలు కొన్ని ఎంపికవుతాయి, ఏం పని చేస్తామో, ఎప్పటికి చేస్తామో మనం వాటికి ప్రపోజల్ రాసి పంపాలి, నచ్చితే అక్కడ మనకు దారి చూపించే మెంటార్లే తీసుకుంటారు. పైసా ఫీజు లేదు. ఆ సంస్థల జాబితా బయటికొచ్చేదే ఫిబ్రవరి చివర్లో. మరి డిసెంబర్‌లోనే “నీకు ఫలానా దాంట్ల బుక్ చేసినం తమ్మీ, టెన్షన్ పడకు” అన్నారంటే ఏం బుక్ చేసినట్టు? నాకప్పుడు తట్టలేదు. తీరా జాబితా వచ్చాక వెతికితే వాళ్లు చెప్పిన పేరు అందులో లేనే లేదు.

ఫ్లెక్సీ మీద స్టైపెండ్ 6,600 డాలర్లని రాశారు. అది ఖర్చులెక్కువున్న దేశాల వాళ్లకు, పెద్ద ప్రాజెక్టుకు ఇచ్చేది. నేను చూసిన పట్టికలో మన దేశానికి 350 గంటల ప్రాజెక్టుకైతే 3,000 డాలర్లు, 175 గంటలదానికి 1,500. అదీ మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి, మెంటార్ పాస్ చేస్తేనే.

క్లాసులంటే యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే వీడియోల లింకులు. తర్వాత మా చేత రీడ్‌మీ ఫైళ్లలో (ప్రాజెక్టు గురించి చెప్పే పరిచయం ఫైళ్లు) కామాలు మార్పించి పుల్ రిక్వెస్టులు, అంటే మా మార్పులు కలుపుకోమని అడిగే అర్జీలు, పెట్టించారు. “గిట్‌హబ్‌ల పచ్చ డబ్బాలు నిండాలె” అనేవాళ్లు. గిట్‌హబ్ అంటే కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్, ఏ రోజు పని చేస్తే ఆ రోజు డబ్బా అక్కడ పచ్చగా మారుతుంది. ఒక్క సాయంత్రమే మా బ్యాచ్ నుంచి ఒకే ప్రాజెక్టుకు పదకొండు వెళ్లాయి. దాన్ని చూసుకునేవాళ్లు అన్నీ మూసేసి స్పామ్ అని లేబుల్ తగిలించారు. నా పేరు పక్కన అది ఇప్పటికీ కనిపిస్తోంది. పైసలు పోయినదానికన్నా నాకు ఇదే ఎక్కువ బాధ.

గడువుకు ముందురోజు రాత్రి వాట్సాప్‌లో రెడీమేడ్ ప్రపోజల్ వచ్చింది. మొదటి పేజీలో నా పేరే. నాలుగో పేజీకి వచ్చేసరికి టైమ్‌లైన్ కింద మహబూబ్‌నగర్‌లోని ఏదో కాలేజీ సెమిస్టర్ పరీక్షల తేదీలు, పక్కన ఇంకెవరి పేరో! మార్చడం మరిచిపోయారు. నేను దాన్ని పంపలేదు.

గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే టూల్) నేర్పించి ఫీజు తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అది వాళ్ల కష్టం. ఎంపిక తమ చేతుల్లో ఉందని చెప్పి తీసుకోవడమే మోసం.

పైసలు వాపస్ అడిగితే చీటీ చూపించారు, వెనక ‘నాన్ రిఫండబుల్’ అని పెన్నుతో రాసి ఉంది. జీఎస్టీ నంబర్ లేదు. ఫోన్‌పే చేసింది కూడా ఎవరో మనిషి ఖాతాకే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు. ఇప్పటికే కట్టినవాళ్లు చాట్‌లు, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకండి. నా బ్యాచ్‌వాళ్లుంటే మెసేజ్ పెట్టండి, ఫిర్యాదు కలిసి వేద్దాం.

నిన్న అటు వెళ్తే అదే ఫ్లెక్సీ ఉంది. సంవత్సరం మీద మాత్రం కొత్త స్టిక్కర్ అంటించారు.