పాత కారు రేడియేటర్‌కు కొత్త కోర్: ఒక వర్క్‌షాపు పనితనంపై సమీక్ష

పాత కారు వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీటి దారి తెరిచే కవాటం) తీసేయమని సలహా ఇచ్చేవారే ఎక్కువ. నేను పని అప్పగించిన రేడియేటర్ వర్క్‌షాపువారు మాత్రం బండి నిలిపి ఉంచినప్పుడు వేడెక్కుతోందా, పరుగులోనా అని ముందుగా అడిగారు. నిలిపి ఉంచినప్పుడైతే ఫ్యానును అనుమానించాలి. పరుగులోనైతే చాలాసార్లు కోర్‌లో, అంటే రేడియేటర్ నడుమ ఉండే ట్యూబుల వరుసల్లో, నీరు సరిగా పారడం లేదని అర్థం. మా బండిది రెండో బాధ.

పై టాంకీ టంకం కరిగించి విప్పి చూపించారు. ట్యూబుల నోళ్లు తెల్లటి గారతో, తుప్పుతో పూడిపోయి ఉన్నాయి. సన్నని కమ్మీతో పొడిచి శుభ్రం చేస్తే సరిపోదా అని అడిగాను. గోరు తగిలితేనే రాలిపోతున్న రాగి ఫిన్స్‌ను (ట్యూబుల వేడిని గాలికి వదిలే పలుచని రేకులను) చూపి, అవి ట్యూబులను అంటిపెట్టుకుని లేనప్పుడు లోపల ఎంత శుభ్రం చేసినా వేడి గాలిలోకి పోదని వివరించారు. అందుకే అసలు ఇత్తడి టాంకీలను, పక్క బ్రాకెట్లను అలాగే ఉంచి, కోర్ మాత్రం కొత్తది వేశారు. కారు ముఖం మారిపోకుండా ఉండాలనుకునేవారికి అల్యూమినియం రేడియేటర్ కంటే ఇదే సరైన మార్గమని నా అభిప్రాయం. 3 ట్యూబు వరుసల చోట 4 వేయమని నేను కోరితే, మందం పెరిగిన కోర్ గుండా పాత ఫ్యాను గాలిని లాగలేదని చెప్పి, 3 వరుసలే ఉంచి ట్యూబులను దగ్గరదగ్గరగా అమర్చిన కోర్‌ను ఎంచుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది పరీక్ష. రేడియేటర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఎక్కించినప్పుడు కింది టాంకీ మూలన సన్నగా బుడగలు లేచాయి. అక్కడ ఆరబెట్టి, మళ్లీ టంకం పెట్టి, ఒక్క బుడగ కూడా రాదని తేలాకే అప్పగించారు. మూత కూడా పాత 7 పౌండ్లదే (చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి దాకా ఆపేది) వాడమన్నారు. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 111 డిగ్రీల దాకా మరగదు. అంతకంటే బలమైన మూత పెడితే పాత టాంకీల అతుకులు విచ్చుకునే ప్రమాదం ఉంది.

లోపాలు రెండున్నాయి. ఫిన్స్ మీద నల్లరంగు దళసరిగా కొట్టారు; వేడి పోవాలంటే అక్కడ పలుచని పూత చాలు. ఇంజిన్ బ్లాకులోని నీటి దారులను కడిగించమని తమంతట తాము చెప్పలేదు. బ్లాకులో మిగిలిన తుప్పు కొత్త ట్యూబుల్లోకే చేరుతుంది కాబట్టి, ఆ పని నేను వేరేచోట చేయించాకే రేడియేటర్‌ను బిగించాను. ఇప్పుడు ఎండలో నిండు బరువుతో ఎత్తు ఎక్కినా ఉష్ణోగ్రత ముల్లు సగం దాటడం లేదు.