నరసరావుపేట వైపు సిస్టర్ల డిస్పెన్సరీ: మా అమ్మ కాలి వేలు దక్కిన చోటు

మా అమ్మకు 71 ఏళ్లు. షుగరు వచ్చి 19 ఏళ్లయింది. పోయిన శ్రావణంలో కుడికాలి బొటనవేలి కింద బొబ్బ లేచింది. చెప్పు కరిచిందనుకుని కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది, మాకు చెప్పలేదు. మేం చూసేసరికి పుండై వాసన వేస్తోంది. గుంటూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో నాలుగు రోజులుంచాం, 62 వేలయింది. ఆ నాలుగు రోజుల్లో కట్టు విప్పి చూసింది రెండుసార్లే. వేలు తీసేయాలి, సంతకం పెట్టమన్నారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

ఇంకో సర్జన్ గారికి అమ్మ కాలు, ఎక్స్‌రే చూపించాం. ఎముకదాకా పోలేదు, కాలికి రక్తం బాగానే అందుతోంది, మందులు వాడుతూ రోజూ శుభ్రంగా డ్రెస్సింగ్ చేయించగలిగితే వేలు దక్కుతుంది అన్నారాయన. ఆ ‘రోజూ’ దగ్గరే మాకు చిక్కు. మా ఊరి నుంచి గుంటూరుకు అమ్మను రోజూ ఎవరు తిప్పుతారు? అప్పుడు మా పిన్ని అంది, “పక్కూళ్లో సిస్టర్లున్నారుగా, అక్కడికి తీసుకెళ్లరాదూ?”

అలా 47 రోజులు వెళ్లాం. డిస్పెన్సరీ పేరు రాయొద్దన్నారు సిస్టర్లు, అంటే అక్కడి మఠకన్యలు. ఉన్నది ఇద్దరే, ఇప్పుడొచ్చే జనాన్ని చూడటానికే పొద్దు చాలడం లేదు. ఆ చుట్టుపక్కల సిస్టర్ల డిస్పెన్సరీ అంటే ఆటోవాళ్లే దింపుతారు. వేపచెట్టు, వరండాలో సిమెంటు బల్లలు, లోపల రెండు గదులు. చీటీకి 20 రూపాయలు, డ్రెస్సింగ్‌కు 30. లేదన్నవాళ్లను అడగరు.

మొదటిరోజు సిస్టరు గారు పుండుకన్నా ముందు అమ్మ చెప్పు అడిగారు. తిరగేసి, లోపల వేలు పెట్టి తడిమారు. అట్టలోంచి సన్నని మేకు మొన పైకి లేచి ఉంది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఆ చెప్పు ఒక్కరం చూడలేదు. తర్వాత పొట్టి స్టూలు మీద కూర్చుని, ఒళ్లో రబ్బరుషీటు పరుచుకుని, దానిమీద అమ్మ కాలు పెట్టుకున్నారు. సెలైన్‌తో కడిగి, చచ్చిన చర్మాన్ని కత్తెరతో కొంచెం కొంచెంగా తీస్తూ “నొప్పిగా ఉందా పెద్దమ్మా?” అన్నారు. లేదు సిస్టరమ్మా అంది అమ్మ. “లేదంటేనే నాకు భయం. నొప్పి తెలిసిన రోజు చెప్పు, ఇద్దరం సంతోషపడదాం.”

శనివారం శనివారం పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి, పెన్నుతో దాని అంచు గీసి, తేదీ వేసేవారు. నాలుగో వారానికి ఆ కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టి చూపించారు. రూపాయి బిళ్లంత ఉన్నది చింతగింజంతైంది. అమ్మ ఆ కాగితాలను చాలాసేపు వదల్లేదు.

గోడమీద పాత ఫొటో ఒకటుంది, మఠకన్య దుస్తుల్లో ఓ దొరసాని. ఎవరమ్మా అని అమ్మ అడిగితే, కట్టు కడుతూనే రోజుకింత చెప్పేవారు సిస్టరు గారు. ఆమె డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టారు. మెల్బోర్న్‌లో 1910లో డాక్టరయ్యారు, కంటి ఆస్పత్రిలో పనిచేశారు, సొంత ప్రాక్టీసూ ఉండేది. మగ డాక్టర్లకు చూపించుకోలేక, ఆడ డాక్టర్లు లేక భారతదేశంలో ఆడవాళ్లు, పసిపిల్లలు చనిపోతున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివి మనసు మార్చుకున్నారు. కాన్పులు, స్త్రీల వైద్యం, కంటి వైద్యంలో పై చదువు పూర్తిచేసి 1920లో గుంటూరులో దిగారు.

ఇక్కడ అప్పటికే యేసు మరియ జోజప్ప సభ సిస్టర్లున్నారు. జె.ఎం.జె. అంటే మనవైపు అందరికీ తెలుసు, తెనాలి ఆడపిల్లల కాలేజీ వాళ్లదే. హాలండ్‌లో 1822లో జెస్విట్ అనే కథోలిక సభకు చెందిన ఒక గురువు మొదలుపెట్టిన సభ అది. వాళ్లు గుంటూరు వచ్చింది 1904లో. గ్లౌరీ గారు ఆ సభలోనే చేరారు. అయితే మఠకన్యలు వైద్యం చేయకూడదని అప్పట్లో చర్చి కట్టుబాటు, కాన్పులు అసలే చేయకూడదు. ఆమెకు పోపు గారి నుంచి ప్రత్యేకంగా అనుమతి వచ్చింది. మిగతావాళ్లకు ఆ కట్టుబాటు సడలింది 1936లో. ఈ మాట విన్నరోజు నేను ఇంటికొచ్చాక కూడా దాని గురించే ఆలోచించాను. రోమ్‌లో ఒక నియమం మారేదాకా మన పల్నాడులో ఎంతమంది తల్లులు ఆగగలిగారు?

చిన్న డిస్పెన్సరీని ఆమె సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిగా పెంచారు. తెలుగు నేర్చుకున్నారు. మన నాటు మూలికలనూ వాడారు. ఇక్కడి ఆడపిల్లలకు మందులు కలపడం, నర్సు పని, మంత్రసాని పని నేర్పించారు. 1943లో మరికొందరు సిస్టర్లతో కలిసి దేశంలోని కథోలిక ఆస్పత్రులకు ఒక సంఘం పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. 1957లో బెంగళూరులో కన్నుమూశారు.

మా సిస్టరు గారిది చిలకలూరిపేట దగ్గర పల్లె. గాజుగుడ్డ మడత పెట్టడం తనకు నేర్పిన ముసలి మదరుకు, గ్లౌరీ గారి దగ్గర నేర్చుకున్న సిస్టరే నేర్పారట. మూల మీద మూల సరిగ్గా పడేలా, ఒక్క పోగు కూడా పుండుకు తగలకుండా మడత పెడతారు. నేను ఇంట్లో ప్రయత్నించాను, వారం పట్టింది.

ఎక్స్‌రే అక్కడ లేదు. రాత్రిపూట చూడరు. జ్వరం, చలి ఉంటే, కాలు నల్లబడితే ముందు పెద్ద ఆస్పత్రికే పొమ్మంటారు, ఆటో కూడా వాళ్లే పిలుస్తారు. రోడ్డు నుంచి కిలోమీటరు మట్టిదారి, వానొస్తే ఆటో లోపలికి రాదు. మేం రెండుసార్లు అమ్మను కుర్చీలో మోసుకెళ్లాం.

ముప్ఫై మూడో రోజున అమ్మ కెవ్వుమంది. “నొప్పి! సిస్టరమ్మా, నొప్పి!” సిస్టరు గారు కత్తెర పక్కన పెట్టి అమ్మ మోకాలు పట్టుకుని నవ్వారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ మంగళ, శుక్రవారాల్లో వస్తారు. మిగతా రోజుల్లో ఎనిమిదిలోపు వెళ్తే ఎండ ముదరకముందే ఇంటికి రావచ్చు. పాత చీటీలు, వాడే మందులు పట్టుకెళ్లండి. ఇంట్లో రోజూ వేసుకునే చెప్పులే వేసుకెళ్లండి, కొత్తవి వద్దు.