పుస్తకం బంగారం, ఈ రీప్రింట్ మాత్రం కొనకండి: బ్రామ్ స్టోకర్ రాసిన హెన్రీ ఇర్వింగ్ జ్ఞాపకాలు

ముందే చెప్పేస్తాను. బ్రామ్ స్టోకర్ 1906లో రెండు సంపుటాలుగా తెచ్చిన ‘పర్సనల్ రెమినిసెన్సెస్ ఆఫ్ హెన్రీ ఇర్వింగ్’కి నేను ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తాను. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే నా చేతికొచ్చిన ఈ పేపర్‌బ్యాక్ రీప్రింట్‌కి మాత్రం ఒక్కటే, అది కూడా బైండింగ్ గట్టిగా ఉంది కాబట్టి.

స్టోకర్ అనగానే అందరికీ 1897 నాటి ‘డ్రాక్యులా’ గుర్తొస్తుంది. కానీ ఆయనకు కూడు పెట్టిన ఉద్యోగం వేరు. 1878 చివర్లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా లండన్‌లోని లైసియం థియేటర్‌లో హెన్రీ ఇర్వింగ్ దగ్గర బిజినెస్ మేనేజర్‌గా పనిచేశాడు. ఇర్వింగ్ విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో అందరికంటే పేరున్న నటుడు, 1895లో ‘సర్’ బిరుదు అందుకున్నాడు, అంతకుముందు ఏ నటుడికీ ఆ గౌరవం దక్కలేదు. పైగా థియేటర్ కూడా ఆయనదే నడిపింపు. ఏ నాటకం వేయాలో తేల్చేది ఆయనే, ముఖ్య వేషం కట్టేది ఆయనే, జీతాలిచ్చేది ఆయనే, నష్టమొస్తే భరించేదీ ఆయనే. అలాంటి మనిషికి రోజూ ఎన్ని ఉత్తరాలు వస్తాయో ఆలోచించండి. నాటకం రాశాం చదవండి అనేవాళ్లు, వేషం ఇప్పించమనేవాళ్లు, విందుకి పిలిచేవాళ్లు, అప్పు అడిగేవాళ్లు. వాటిలో చాలావాటికి ఇర్వింగ్ పేరు మీద జవాబు రాసింది స్టోకరే. అంతకుముందు డబ్లిన్‌లో సర్కారు ఉద్యోగం చేసి, అక్కడి కోర్టు గుమాస్తాలు ఏ పని ఎలా చేయాలో చెబుతూ ఒక పుస్తకమే రాసినవాడు కాబట్టి కాగితాల పని ఆయనకు కొట్టినపిండి. ఇర్వింగ్ దస్తూరి చదవడం ఎంత కష్టమో ఆయన రాసిన ఉత్తరం ఫొటో ఒక్కటి చూసినా తెలుస్తుంది.

నేను ఈ పుస్తకం కొన్నది ఆ ఉత్తరాల కోసమే. ఇర్వింగ్ కాగితాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ల థియేటర్ విభాగంలో ఉన్నాయి, స్టోకర్‌కి వచ్చిన ఉత్తరాలు లీడ్స్ యూనివర్సిటీలో ఉన్నాయి. అంత దూరం వెళ్లి పెట్టెలు తీయించుకుని చూసే అవకాశం మనలో ఎంతమందికి ఉంటుంది? ఆ బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు విప్పిన మనిషే రాసిన పుస్తకం కాబట్టి, మన చేతికి అందేవాటిలో ఇదే అన్నిటికన్నా దగ్గరిది.

సరిగ్గా అక్కడే ఈ రీప్రింట్ నాశనం చేసింది. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్ ఎలా చదివితే అలా అచ్చేసి పంపారు, మధ్యలో ఒక మనిషి కూర్చుని దిద్దినట్టు ఎక్కడా కనపడదు. ఉత్తరం ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియదు. అమెరికన్ కవి వాల్ట్ విట్‌మన్ జవాబు ఉన్న పేజీ తీసుకోండి. డబ్లిన్ కుర్రాడిగా ఉన్నప్పుడే స్టోకర్ ఆయనకు మనసు విప్పి ఒక పెద్ద ఉత్తరం రాసి, పంపే ధైర్యం లేక నాలుగేళ్లు దాచుకుని, చివరికి 1876లో పంపాడు. ఆ ముసలి కవి ఒంట్లో బాగోకపోయినా అమెరికా నుంచి వెంటనే జవాబిచ్చాడు, నువ్వు అంత ఆప్యాయంగా, మొహమాటం లేకుండా రాసి మంచి పని చేశావని మెచ్చుకుంటూ. నా కాపీలో ఆ ఉత్తరం తేదీ పై పేరాలో కలిసిపోయింది, సంతకం కింద పేరాలోకి జారిపోయింది, విట్‌మన్ మాటలేవో స్టోకర్ మాటలేవో విడదీయడానికి పెన్సిల్ పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. 1876 కాస్తా ‘1ఎస్76’ అయింది. ఉత్తరాల కోసం కొన్న పుస్తకంలో ఉత్తరాలే ఆనవాలు లేకుండా పోతే ఒళ్లు మండదా?

ఇక అసలు పుస్తకం సంగతి. స్టోకర్‌కి ఇర్వింగ్ అంటే ప్రాణం, దాన్ని దాచుకోడు. 1876 డిసెంబర్‌లో డబ్లిన్‌లో ఇర్వింగ్ ఒక పద్యం చదివి వినిపిస్తే స్టోకర్ తట్టుకోలేక కూలబడిపోయాడు, అంత పనైంది. ఇర్వింగ్ లోపలికి వెళ్లి తన ఫొటో తెచ్చి, దాని మీద ‘నా ప్రియమిత్రుడు స్టోకర్‌కి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి’ అని రెండుసార్లు రాసి, తేదీ వేసి ఇచ్చాడు. మొత్తం స్నేహానికి ఆ రెండు వాక్యాలే పునాది అని నాకనిపిస్తుంది. ఆ తర్వాత సర్కారు ఉద్యోగం వదిలేసి, కొత్తగా పెళ్లి చేసుకున్న భార్యతో ఇర్వింగ్ దగ్గరికి వచ్చేశాడు.

ఇంగ్లిష్ కవి టెన్నిసన్ మీద రాసిన భాగం తీరిగ్గా చదవండి. ఆయన రాసిన ‘బెకెట్’ నాటకం స్టేజికి మరీ పొడుగు. ఎక్కడ కత్తిరించాలి, ఎక్కడ కొత్త మాటలు కావాలి అని అంత పెద్ద కవిని అడగడం మామూలు విషయం కాదు, ఆ రాయబారం నడిపింది స్టోకరే. 1893 ఫిబ్రవరిలో నాటకం స్టేజి ఎక్కేసరికి టెన్నిసన్ పోయి నాలుగు నెలలైంది.

స్టేజి పనులు తెలిసినవాళ్లకి, మన సురభి వాళ్ల మాయలు చూసి నోరెళ్లబెట్టినవాళ్లకి 1885 నాటి ‘ఫౌస్ట్’ నాటకం గురించిన భాగం పండగే. కత్తియుద్ధంలో కత్తులు తగిలినప్పుడల్లా మెరుపు రావాలి. స్టేజి మీద రెండు ఇనుప పలకలు బిగించారు, ఇద్దరు నటుల కుడి బూట్లూ సరిగ్గా వాటి మీద పడాలి. బూటు నుంచి బట్టల లోపలగా తీగ పైకి వెళ్లి రబ్బరు గ్లవ్ అరచేతిలో ఉన్న ఉక్కు ముక్కకి తగులుతుంది. కత్తి పట్టుకుంటే కరెంటు కత్తిలోకి వస్తుంది, రెండూ ఒరుసుకుంటే నిప్పులు. ఇంత వివరం ఒక మేనేజర్ మాత్రమే రాయగలడు.

డబ్బు లెక్కలు కూడా దాచలేదు. 1898 ఫిబ్రవరిలో రైల్వే వంతెన కింద గోదాములో పెట్టిన సీన్లు అంటుకుని 44 నాటకాల తెరలూ సామగ్రీ బూడిదయ్యాయి. అంతకు కొంతకాలం ముందే ఖర్చు తగ్గించుకుందామని బీమాని 10,000 పౌండ్ల నుంచి 6,000కి దించారు. ఇర్వింగ్ తర్వాతి ఇబ్బందులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో ఇది చదివాక అర్థమవుతుంది.

అర స్టారు తగ్గించడానికి కారణముంది. ఇర్వింగ్ భార్య సంగతి దాటేశాడు, వాళ్లు విడిగా బతికారన్నది లోకానికి తెలిసిందే అయినా. ఎవరి మీదా చెడ్డమాట రాకూడదన్న మర్యాద అడుగడుగునా అడ్డొస్తుంది. లైసియంలో విందుకి వచ్చినవాళ్ల పేర్లు పేజీలకు పేజీలు ఇచ్చాడు, అది హాయిగా వదిలేయొచ్చు. కానీ ఆ కాలపు సాహసయాత్రికుడు రిచర్డ్ బర్టన్ మాట్లాడుతుంటే పై పెదవి లేచి కోరపన్ను కత్తిలా మెరిసిందని రాసిన చోటు మాత్రం వదలొద్దు, డ్రాక్యులా అభిమానులైతే అసలే వద్దు.

1905 అక్టోబర్ 13 రాత్రి బ్రాడ్‌ఫర్డ్‌లో ‘బెకెట్’ ఆడి హోటల్‌కి చేరగానే ఇర్వింగ్ పోయాడు. ఆ రాత్రి విడిపోతూ, చలిగా ఉంది గొంతుకి మఫ్లర్ చుట్టుకో అని స్టోకర్‌కి జాగ్రత్త చెప్పాడట. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఆ ఒక్క మాట. పెద్ద నటుడి చివరి రోజు గురించి పత్రికలు ఎంత రాసినా ఈ మాట ఇంకెవరికి తెలుస్తుంది?

కాబట్టి చదవండి, తప్పకుండా చదవండి. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 1906 నాటి పేజీల స్కాన్ ఉచితంగా దొరుకుతుంది, ట్యాబ్‌లో చదువుకోవచ్చు. కాగితం మీదే కావాలనుకుంటే పాత పేజీలను ఫొటో తీసి ఉన్నదున్నట్టు అచ్చేసిన ఎడిషన్లు వెతకండి, మళ్లీ టైపు చేసినవి వద్దు. ఆర్డర్ పెట్టే ముందు ప్రివ్యూలో ఏదైనా ఉత్తరం ఉన్న పేజీ తెరవండి. తేదీ, సంతకం విడి విడి లైన్లలో ఉంటేనే కొనండి.