ప్యూర్టో ఎస్కొందిదోలో 16 నెలలు: తినదగినవి, చూడదగినవి

మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో, పసిఫిక్ తీరాన ఉన్న ప్యూర్టో ఎస్కొందిదోలో నేను రెండు విడతలుగా మొత్తం 16 నెలలు ఉన్నాను. మొదటి విడత 2022లో, రెండవది వహాకా నగరం నుంచి కొత్త రహదారి తెరిచిన తర్వాత 2024లో. మొదటి వారంలో గొప్పగా తోచిన చోట్లలో చివరి నెల వరకు నిలిచినవి నాలుగైదు మాత్రమే. తిండి విషయంలో అలా నిలిచినవన్నీ సముద్రం కనిపించని చోట్లే కావడం విశేషం. కెరటాల ఎదుట బల్ల వేసి వడ్డించే భోజనానికి కట్టే డబ్బులో సగం ఆ దృశ్యానికే పోతుందని గ్రహించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నిలిచినవాటిలో మొదటిది ప్రధాన రహదారికి ఎగువన ఉన్న బెనీతో హువారెస్ మార్కెట్. అక్కడికి ఉదయం 8 గంటలకు వెళ్లాలి. లోపల వరుసగా ఉన్న చిన్న భోజనపు అంగళ్లలో నేను ఎక్కువసార్లు తిన్నది ఎన్‌ఫ్రిహొలాదాస్. నల్ల చిక్కుడు గింజలను ఉడికించి, మెత్తగా రుబ్బి, ఆ చిక్కని పులుసులో మొక్కజొన్న రొట్టెలను ముంచి, పైన తాజా చీజ్ చల్లి ఇస్తారు. గింజలతో పాటు అవకాడో ఆకు వేసి ఉడికిస్తారు కాబట్టి సన్నగా సోంపు వాసన వస్తుంది. రొట్టె రుచి కూడా మన మొక్కజొన్న రొట్టె రుచి కాదు. మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, తడిగా రుబ్బిన ముద్దతో చేస్తారు కాబట్టి అది చిరగకుండా మడత పడుతుంది. మొక్కజొన్న ముద్దను అరటి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలె, వెల్లుల్లి, నిమ్మ, ఉప్పుతో వేయించిన మిడతలు కూడా అక్కడే దొరుకుతాయి. మిడతలను రెండుసార్లు రుచి చూశాను. మూడవసారి తినవలసిన అవసరం కనిపించలేదు.

అదే మార్కెట్లో గాజు జాడీల నుంచి పోసి ఇచ్చే ఎర్రని హమైకా నీళ్లను తాగిన రోజున, అది నాకు తెలిసిన పులుపే అనిపించింది. తీరా విచారిస్తే, అది ఎర్రగోంగూర మొక్క కాయను చుట్టుకొని ఉండే ఎర్రని రేకులను మరిగించి తీసిన రసం. ఆకును వదిలి రేకును తాగేవారున్నారని ఫోనులో చెబితే మా అమ్మ చాలాసేపు నమ్మలేదు.

రాత్రి భోజనానికి త్లయూదాను మించినది నాకు కనిపించలేదు. పళ్లెమంత వెడల్పున్న పలుచని మొక్కజొన్న రొట్టె మీద చిక్కుడు ముద్ద, పొరలు పొరలుగా విడిపోయే కెసీయో చీజ్, కోసిన క్యాబేజీ వేసి బొగ్గుల మీద కాలుస్తారు. చీకటి పడ్డాక ఇళ్ల ముందర కుంపటి పెట్టి కాల్చేవారి దగ్గర తిన్నదే మేలు. అయితే శాకాహారులు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రొట్టెకు ముందుగా పూసేది అసియెంతో, అంటే పంది కొవ్వు కాచినప్పుడు అడుగున మిగిలే మడ్డి. "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని చెబితే మాంసపు ముక్కలు మాత్రమే మానేస్తారు. "సిన్ అసియెంతో" అని విడిగా చెప్పాలి. చిక్కుడు ముద్దలో కొవ్వు, అన్నంలో కోడి రసం ఉండవచ్చు కాబట్టి వాటి గురించి కూడా అడగడం మంచిది. గొడ్డు మాంసం తినని వారు తసాహో అనే పేరును గుర్తుపెట్టుకోవాలి, అది ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం.

తీరంలోని ఒక భోజనశాలలో కిలో లెక్కన చేప అమ్ముతున్నారని తెలిసి కూడా ధర అడగకుండా కూర్చున్నందుకు, రెండు రోజుల కూరగాయల డబ్బు ఒక్క పూటలో వదిలింది. ఆ తర్వాత ఉదయమే ప్రధాన బీచ్‌లో పడవలు ఒడ్డెక్కే వేళకు వెళ్లి చేపలు కొనడం మొదలుపెట్టాను. అక్కడి చింతపండు, ఆ తీరంలో పండే కోస్తెన్యో అనే ఎండుమిరపకాయ కలిపి పెట్టిన పులుసుకు ఏ లోపమూ రాలేదు.

ఇక తిరగదగిన చోట్ల సంగతి. భారీ కెరటాల వల్ల సికతేలా బీచ్ పేరు ప్రపంచమంతటా తెలుసు. కానీ అది చూడడానికే తప్ప దిగడానికి కాదు. లోతైన నీరు ఒడ్డుకు అతి దగ్గరగా ఉండడం వల్ల కెరటం బలం తగ్గకుండానే వచ్చి విరుగుతుంది, మే నుంచి సెప్టెంబరు వరకు మరీ ఎక్కువ. ఈతకు కారిసలీయో బీచ్ కి వెళ్లండి. 160కి పైగా మెట్లు దిగాలి, అంతకంటే ముఖ్యంగా తిరిగి ఎక్కాలి. అయినా మూడు వైపులా కొండ కాచిన ఆ చిన్న కడలిపాయలో ఉదయం 9 గంటల లోపు నీరు చెరువులా ఉంటుంది, ఆ తర్వాత జనం వస్తారు.

ఊరికి పడమరన ఉన్న కాసా వాబీ కళాకేంద్రం జపాన్ వాస్తుశిల్పి తదావో ఆందో రూపకల్పన, 2014లో తెరిచారు. 312 మీటర్ల పొడవున్న కాంక్రీటు గోడ చూడదగినదే, కానీ ముందుగా అనుమతి తీసుకొని వెళ్లాలి. నాకు ఆ గోడ కంటే అక్కడే మరో జపాన్ వాస్తుశిల్పి కెంగో కుమా రూపొందించిన కోళ్ల గూడు ఎక్కువ నచ్చింది.

కొత్త రహదారి 2024 ఫిబ్రవరిలో తెరిచారు. వహాకా నగరం నుంచి కొండ మలుపుల మీద ఆరేడు గంటలు పట్టిన ప్రయాణం మూడు గంటల లోపుకు తగ్గింది. కడుపులో తిప్పే మలుపులు తప్పినందుకు సంతోషించాను కానీ, నేను 2022లో ఉన్న గదికి రెండవ విడతలో అద్దె నా అందుబాటులో లేదు. వారాంతాల్లో సికతేలా చివరన ఉన్న లా పుంతా పేట వీధుల్లో జనం వల్ల నడవడం కష్టమైంది. మార్కెట్లో మాత్రం ఆ మార్పు ఇంకా పెద్దగా కనిపించలేదు.

మనియాల్తెపెక్ మడుగులో చేయి పెడితే నీలంగా వెలిగే నీటిని చూడాలంటే అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులను ఎంచుకోవాలి. నేను మొదటిసారి పున్నమికి రెండు రోజుల ముందు వెళ్లి, పడవవాడికి డబ్బు కట్టి, చక్కని వెన్నెలను చూసి తిరిగి వచ్చాను.