మిల్లు నుసి ఆగింది, ఎండ సంగతే కొంచెం తేడా

ఎండ వేడి ఆపడానికి వేయించిన యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) డబుల్ గ్లాసు (మధ్యలో ఖాళీతో రెండు అద్దాలు) కిటికీలు ఇవి. నాకు నచ్చింది మాత్రం నుసిని ఆపినందుకు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఇల్లున్నవాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. బాయిలర్లలో ఊక కాలుస్తారు, గాలి ఇటు తిరిగితే ఆ నల్ల నుసి మంచాల మీదా, మూత పెట్టని అన్నం గిన్నెలోనూ పడుతుంది. పాత టేకు కిటికీలు మూసినా సందుల్లోంచి వచ్చేది. ఇప్పుడు పడకగదుల్లో రెక్క తెరిచే రకం పెట్టించాం. హ్యాండిల్ తిప్పితే చుట్టూ రబ్బరు బిగుసుకుంటుంది. మా అత్తమ్మ చేతిలో తడిగుడ్డ కనపడక చాలా రోజులైంది.

హాల్లో మాత్రం జరిపే రకమే. బయట వరండా ఇరుకు, రెక్క తెరిస్తే నడవడానికి దారుండదు. దీనికి రబ్బరు బదులు బొచ్చు పట్టీ ఉంటుంది, అంత బిగువుగా మూసుకోదు. నుసి దూరి కింది ట్రాక్‌లో చేరుతుంది. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన కొడితే ట్రాక్ నిండి, నీళ్లు గోడ మీదుగా ఇన్వర్టర్ దాకా వచ్చాయి. ఫిట్టింగ్ చేసినతను వచ్చి, "సిలికాన్ పోయింది సార్" అని, సందులు మూసే ఆ జిగురు బయట అంచంతా మళ్లీ కొట్టిపోయాడు. తర్వాతి వానకు ఇంకా ఎక్కువ వచ్చాయి! మా తమ్ముడు బయటినుంచి వంగి చూస్తే, నీళ్లు పోవాల్సిన సన్న రంధ్రాల్లో తడిసిన నుసి సిమెంటులా గట్టిపడి ఉంది. ఒక రంధ్రాన్నైతే ఆ మహానుభావుడు సిలికాన్‌తోనే పూడ్చేశాడు. సైకిల్ పుల్లతో పొడిస్తే నల్లనీళ్లు ధారగా కారాయి. అప్పటినుంచి వానాకాలం ముందు ట్రాక్ కడగడం నా పనైంది.

ఇల్లు చల్లబడిందని కొత్తలో అందరికీ చెప్పాను. తూర్పు గది వరకు అది నిజమే. పడమటి గదిలో మే నెల సాయంత్రాలు ఇప్పటికీ కూర్చోలేం. మాది కోటింగ్ లేని గ్లాసు. యు-విలువ, అంటే గ్లాసు గుండా వేడి ఎంత దాటుతుందో చెప్పే అంకె, ఒంటి గ్లాసుకు 5.7 దగ్గరుంటే దీనికి 2.8 దగ్గర, అంటే బయటి వేడి గ్లాసు గుండా రావడం సగానికి తగ్గుతుంది. నేరుగా పడే ఎండను మాత్రం ఇది పెద్దగా ఆపదు. దానికి ఎస్‌హెచ్‌జీసీ (పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికొస్తుందో చెప్పే అంకె) తక్కువున్న లో-ఈ గ్లాసు, అంటే వేడిని తిప్పికొట్టే పలచని కోటింగ్ ఉన్నది, కావాలి. కొటేషన్‌లో యు-విలువ ఉంది, ఎస్‌హెచ్‌జీసీ ఊసే లేదు. బయట వెదురు తడక కట్టాకే ఆ గదిలో తేడా తెలిసింది.

కరెంటు బిల్లు తగ్గిందా అంటే చెప్పలేను. ఆ ఏడాదే మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చేసింది, ఏసీ పగలు కూడా నడుస్తోంది. మిగతా గదుల్లో కూలర్లే. కూలర్ పెడితే ఏదో ఒక కిటికీ తెరవక తప్పదు, లేకపోతే ఉక్కపోత. అక్కడ ఈ ఖర్చు దండగే. మా వీధిలో ఎవరైనా అడిగితే తెరిచే రకం పెట్టించుకోండి, పడమటికి లో-ఈ అడగండి అంటున్నాను. మిల్లులకు దూరంగా ఉండి, ఏసీ లేనివాళ్లకైతే వేయించుకోమని నేను చెప్పను.