ఆపిల్ బూజు విషం: క్లోరిన్, పెర్‌ఎసిటిక్ యాసిడ్, ఓజోన్‌లలో ఏది మేలు?

నిల్వ ఉంచిన ఆపిల్‌కు నీలిరంగు బూజు పట్టిందంటే అది చాలావరకు పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్. కోల్డ్ స్టోరేజీలో సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతుంది. అది పండులోకి వదిలే విషమే ప్యాటులిన్. ఆపిల్ జ్యూస్‌లో కిలోకి 50 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంతో పాటు అమెరికా, యూరప్‌లలో కూడా నిబంధన ఉంది. యూరప్‌లో పసిపిల్లల ఆహారానికైతే 10 మాత్రమే. పులుపులో ఈ విషం గట్టిగా నిలబడుతుంది, పాశ్చరైజ్ చేసినా పూర్తిగా పోదు. కాబట్టి చేయాల్సిందంతా పండు పిండకముందే చేయాలి.

పండ్లు కడగడానికి వాడే క్రిమిసంహారకాల్లో మొదటిది క్లోరిన్. క్లోరిన్ నీళ్లు చవక, ఎక్కడైనా దొరుకుతాయి. మామూలుగా 100 నుంచి 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) వాడతారు, నీటి పులుపును చూపే పీహెచ్ 6.5–7.5 మధ్య ఉంచాలి. చిక్కంతా పండ్లు కడిగే తొట్టిలో ఉంది. పండ్లతో వచ్చిన మట్టి, ఆకులు, కుళ్ళిన గుజ్జు క్లోరిన్‌ను తినేస్తాయి. గంటగంటకూ పరీక్షించకపోతే చివరికి మిగిలేది మురికినీళ్లే. ఒక కుళ్ళు పండు మీది సిద్ధబీజాలు (బూజుకు విత్తనాల్లాంటి కణాలు) ఆ నీళ్లలో కలిసి మంచి పండ్ల గాయాల్లోకి చేరతాయి. అలాంటి తొట్టిలో కడగడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

పెర్‌ఎసిటిక్ యాసిడ్ ఖరీదైనది, ఘాటు వాసన. అయినా మురికి నీళ్లలో క్లోరిన్ కంటే బాగా నిలబడుతుంది. చివరికి వెనిగర్‌లో ఉండే ఆమ్లం, నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) నియమాల్లో పండ్లు కడిగే నీటిలో దీనికి 80 పీపీఎం పరిమితి ఉంది. రోజంతా ఒకే తొట్టి నడిపే జ్యూస్ ఫ్యాక్టరీకి నా ఓటు దీనికే. రోజూ నీళ్లు మార్చి, క్లోరిన్ కొలిచే మనిషి ఉన్న చిన్న యూనిట్‌కు క్లోరిన్ చాలు.

ఓజోన్ వాయువుకు బూజును చంపే శక్తి ఎక్కువ, అవశేషం ఉండదు. కానీ అక్కడికక్కడే తయారు చేసుకోవాలి, నిమిషాల్లో విరిగిపోతుంది, గాలిలోకి లేస్తే పనివాళ్ల ఊపిరితిత్తులకు ప్రమాదం. చివరి కడుగుకు తప్ప మొదటి తొట్టికి పనికిరాదు.

ఈ మూడూ పైనున్న సిద్ధబీజాలను తగ్గిస్తాయి. కుళ్ళిన భాగంలో అప్పటికే చేరిన విషాన్ని లోపలికి వెళ్లి తీయలేవు. అందుకే కడుగుడు కంటే ముందు ఏరివేతకే డబ్బు పెట్టాలని గట్టిగా చెబుతాను. నేల రాలిన కాయలు, దెబ్బ తగిలినవి జ్యూస్‌కు వెళ్లకూడదు.

ఇంట్లో వెనిగర్ నీళ్లతో కడిగితే పైన శుభ్రమవుతుంది, అంతవరకే. మెత్తబడి బూజు పట్టిన పండును కోసి సగం వాడకండి, పక్కనున్న గుజ్జులోకి కూడా విషం పాకుతుంది. కొన్ని ఆపిల్స్‌లో బూజు గింజల గదిలోనే మొదలవుతుంది, పైకి ఏమీ తెలియదు. పిల్లలకు జ్యూస్ తీసేటప్పుడు ప్రతి పండునూ రెండుగా కోసి, మధ్య భాగం చూశాకే మిక్సీలో వేయండి.