ఎంబెడెడ్-హాల్ 1.0 రివ్యూ: ఎర్రర్ టైపుల వరకే

మైక్రోకంట్రోలర్ల మీద రస్ట్ భాషలో కోడ్ రాసేవాళ్ళెవరికైనా ఎంబెడెడ్-హాల్ క్రేట్ (లైబ్రరీ) తగలకుండా ఉండదు. సెన్సర్ డ్రైవర్లకీ, చిప్‌ని నడిపే కోడ్‌కీ (దాన్నే చిప్ హాల్ అంటారు) మధ్య ఉమ్మడి ఒప్పందం లాంటిది ఇది. 2024 జనవరిలో 1.0 వచ్చాక మిగతా ఫీచర్ల గురించి చాలామంది చాలా చెప్పారు గానీ, నాకు అందులో బాగా నచ్చిందీ, అప్పుడప్పుడు ఒళ్ళు మండించేదీ రెండూ ఒకటే, ఎర్రర్ టైపులు. అందుకే ఈ రివ్యూ మొత్తం దాని మీదే.

పాత 0.2లో పరిస్థితి ఏంటంటే, ఐ2సి (చిప్‌ల మధ్య రెండు వైర్ల బస్) ట్రెయిట్‌లో, అంటే హాల్ పాటించాల్సిన మెథడ్‌ల జాబితాలో, ఎర్రర్ అని ఒక అసోసియేటెడ్ టైప్ (హాల్ తనే ఎంచుకుని నింపేది) ఉండేది, దానికి ఏ షరతూ లేదు. ఈనమ్ (కొన్ని పేర్లలో ఏదో ఒకటయ్యే టైప్) అవ్వచ్చు, ఖాళీ స్ట్రక్ట్ అవ్వచ్చు, కనీసం డీబగ్ ప్రింట్ అవుతుందన్న గ్యారంటీ కూడా లేదు. సెన్సర్ డ్రైవర్ రాసేవాడికి ఏదో పోయిందని తెలిసేది గానీ ఏం పోయిందో తెలిసి చచ్చేది కాదు, వచ్చిందాన్ని వచ్చినట్టు పైకి పంపేసి చేతులు దులుపుకోవడమే.

1.0లో దీన్ని బాగా సర్దారు. ఏ చిప్ హాల్ అయినా తన ఎర్రర్ టైప్ తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు, లోపల రిజిస్టర్ వాల్యూలు దాచుకున్నా అడిగేవాడు లేడు, కానీ డీబగ్ ఉండాలి, కైండ్ అనే మెథడ్ ఉండాలి, అది పిలిస్తే అందరికీ తెలిసిన నాలుగైదు పేర్లలో ఒకటి చెప్పాలి. ఐ2సికి అయితే బస్, ఆర్బిట్రేషన్ లాస్, నో అక్నాలెడ్జ్ (అవతల చిప్ పలకలేదు), ఓవర్‌రన్, అదర్. నో అక్నాలెడ్జ్ లోపల మళ్ళీ అడ్రస్ దగ్గరా, డేటా దగ్గరా, అన్‌నోనా అని మూడు. అంతే, ఇంకేం లేదు, కానీ ఈ కాస్త చాలా పని చేస్తుంది.

ఎలా అంటే, హైదరాబాద్ గుజరాతీ గల్లీలో ఎక్కడ అడిగినా దొరికే డీఎస్3231 గడియారం మాడ్యూల్ చూసే ఉంటారు, చాలావాటి మీద పక్కనే ఏటీ24సీ32 ఈప్రామ్ (పవర్ పోయినా డేటా నిలిచే మెమరీ) ఒకటి కూర్చుని ఉంటుంది, అడ్రస్ మామూలుగా హెక్స్ 57. దానికి ఒక పేజీ, అంటే 32 బైట్లు రాశాక అది లోపల రాసుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఆ టైంలో అడ్రస్ పంపితే పలకదు. అంటే ఇక్కడ అడ్రస్ నాక్ (అడ్రస్ దగ్గర నో అక్నాలెడ్జ్) వస్తే అది ఎర్రర్ కాదు, "బిజీగా ఉన్నా, తర్వాత రా" అని. 0.2 మీద ఏ చిప్‌కైనా పనిచేసేలా డ్రైవర్ రాయాలంటే డేటాషీట్‌లో గరిష్ఠ టైం చూసి ప్రతి పేజీకి అంత డిలే కొట్టడమే సేఫ్. 1.0లో కైండ్ అడిగి, అడ్రస్ నాక్ అయితే మళ్ళీ ట్రై, బస్ ఎర్రర్ అయితే వెంటనే బయటికి, ఈ తేడా డ్రైవర్ లోపలే తేల్చేయొచ్చు. రిట్రైకి మాత్రం ఒక లిమిట్ పెట్టండి, ఎందుకంటే చిప్ అసలు లేకపోయినా, వైరు ఊడినా వచ్చేది అదే అడ్రస్ నాక్, లిమిట్ లేకపోతే లూప్ అక్కడే తిరుగుతూ ఉంటుంది. అన్‌నోన్ వస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. ఆర్‌పీ2040 లాంటి చిప్‌లో అబార్ట్ సోర్స్ రిజిస్టర్‌లో అడ్రస్ నాక్‌కి ఒక బిట్, డేటా నాక్‌కి వేరే బిట్ ఉన్నాయి, అన్ని చిప్‌లకీ అంత వివరం ఉండదు, హాల్ రాసినవాళ్ళందరికీ అంత ఓపికా ఉండదు.

చిన్న చిట్కా, కైండ్ పిలవాలంటే ఆ ఎర్రర్ ట్రెయిట్‌ని ఇంపోర్ట్ చేయాలి, మీ డ్రైవర్‌లో కూడా ఎర్రర్ అనే ఈనమ్ ఉంటే పేర్లు కొట్టుకుంటాయి, యాజ్ అండర్‌స్కోర్ (as _) పెట్టి తెచ్చుకుంటే గొడవ లేదు.

ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య ఇంకో రకం బస్) దగ్గర కథ వేరు. అక్కడ అసలు అక్నాలెడ్జే లేదు, అవతల చిప్ ఉన్నా లేకపోయినా ట్రాన్స్‌ఫర్ ఓకే అనే వస్తుంది, చదివితే అన్నీ హెక్స్ ఎఫ్ఎఫ్‌లే గానీ సున్నాలే గానీ వస్తాయి. ఓవర్‌రన్, మోడ్ ఫాల్ట్, ఫ్రేమ్ ఫార్మాట్, చిప్ సెలెక్ట్ ఫాల్ట్ అని పేర్లు పెట్టారు, బానే ఉంది, కానీ ఇవన్నీ మనవైపు గోల, అవతలివైపు ఎవరున్నారో చెప్పవు. అది డ్రైవర్ చూసుకోవాల్సిందే. బీఎంఈ280 (ఉష్ణోగ్రత, పీడనం, తేమ కొలిచే సెన్సర్) అని ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే బీఎంపీ280 పంపేవాళ్ళు ఉన్నారు, నాకూ ఒకడు అంటగట్టాడు, దానికి తేమ కొలిచే భాగమే ఉండదు. రిజిస్టర్ డీ0 చదివితే బీఎంఈకి హెక్స్ 60 రావాలి, ఇది 58 ఇస్తుంది. కాబట్టి మీ ఈనమ్‌లో "రాంగ్ చిప్" అని ఒక వేరియంట్ పెట్టి దాంట్లో చదివిన ఐడీ బైట్ కూడా పెట్టేయండి. ఉత్త "ఇనిట్ ఫెయిల్డ్" అంటే వాడేవాడు వైర్లు పీకి మళ్ళీ పెడుతూ కూర్చుంటాడు, 58 అని కనబడితే తిన్నగా రిటర్న్ పెడతాడు.

ఇక ఒళ్ళు మండే సంగతులు. డ్రైవర్‌కి బస్సూ కావాలి, రీసెట్ పిన్నూ కావాలి అనుకోండి, ఎర్రర్‌కి రెండు జెనెరిక్‌లు (వాడేచోట నిండే టైప్ ఖాళీలు) వస్తాయి. రెండిటికీ ఫ్రమ్ (ఒక టైప్‌ని ఇంకోదాంట్లోకి మార్చేది) ఇంప్లిమెంట్ చేద్దామంటే కంపైలర్ ఒప్పుకోదు, రెండు టైపులూ ఒకటే అయితే ఏది పిలవాలి అంటుంది, న్యాయమే. దాంతో ఎర్రర్‌ని పైకి పంపే ఉత్త ప్రశ్న గుర్తుతో పని అవ్వదు, ప్రతి లైన్లో మ్యాప్ ఎర్ర్ (ఎర్రర్‌ని మనమే మార్చడం) రాసుకోవాలి. పిన్ ఎర్రర్ దాదాపు ఎప్పుడూ ఇన్‌ఫాలిబులే (అసలు రానే రాని ఎర్రర్ అని చెప్పే టైప్), దానివల్ల సైజూ పెరగదు, చెకింగ్ కోడ్ కూడా ఉండదు, అయినా టైప్ సిగ్నేచర్ మాత్రం బారెడు. పిన్ ఫెయిల్ అవ్వడమేంటి అని తీసేద్దామంటే, ఐ2సి ఎక్స్‌పాండర్ (ఐ2సి ద్వారా అదనపు పిన్నులిచ్చే చిప్) మీద ఉన్న పిన్ నిజంగానే ఫెయిల్ అవుతుంది మరి, కాబట్టి వాళ్ళు చేసింది కరెక్టే, నా తిట్లు నావి.

నాకు అసలు మింగుడుపడనిది టైమ్‌అవుట్. ఐ2సి లిస్టులో అది లేదు. స్లేవ్ (అవతలి చిప్) క్లాక్ లైన్‌ని కింద పట్టుకుని వదలకపోతే హాల్ టైమ్‌అవుట్ ఇస్తుంది, అది వెళ్ళి అదర్‌లో పడుతుంది, అదర్ అంటే చెత్తబుట్ట, దాంట్లో ఇంకేమేం ఉన్నాయో తెలీదు. అవతలి చిప్‌ని రీసెట్ చేసో, పవర్ ఆపి వేసో దారికి తేవాల్సిన కేసు అదే, ఏ చిప్‌కైనా పనిచేసే డ్రైవర్ నుంచి గుర్తుపట్టలేనిదీ అదే. కైండ్ ఇచ్చే పేర్ల ఈనమ్ ఎర్రర్‌కైండ్‌కి నాన్-ఎగ్జాస్టివ్ (ముందుముందు పేర్లు పెరగొచ్చు అనే గుర్తు) పెట్టారు కాబట్టి పాత కోడ్ విరగకుండా కొత్త పేరు కలపొచ్చు, దారైతే ఉంది.

ప్రింటింగ్ గురించి ఒక మాట. బ్లూ పిల్ లాంటి 64 కేబీ ఫ్లాష్ బోర్డ్ మీద ఎక్కడపడితే అక్కడ అన్‌ర్యాప్ (ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేసేది) కొడితే ఫార్మాటింగ్ కోడ్ అంతా వచ్చి కూర్చుంటుంది. డీఎఫ్ఎమ్‌టీ (బోర్డ్ నుంచి లాగ్‌లు పంపే లైబ్రరీ) ఫీచర్ ఆన్ చేసుకోండి, ఫార్మాట్ స్ట్రింగులు బోర్డ్ మీదకి వెళ్ళవు, ఎర్రర్‌కైండ్ పేరు మాత్రం లాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తుంది.

5కి 4 ఇస్తా, ఆ ఒక్కటీ టైమ్‌అవుట్‌కి కోత. ఇంకా 0.2 డ్రైవర్లు పట్టుకుని వేలాడుతున్నవాళ్ళు ముందు ఐ2సి వాటిని మార్చుకోండి, లాభం అక్కడే ఎక్కువ. సీరియల్ కోసం మాత్రం ఇందులో వెతకొద్దు, 1.0లో దాన్ని తీసేశారు, ఎంబెడెడ్-ఐఓలోనో ఎంబెడెడ్-హాల్-ఎన్‌బీలోనో చూడండి.